నిండు పియాలా

తెల్లారకముందే వాకిలి ఊడవాలి. మర్గిలాన్‌లో ఏ ఇంటి కోడలికైనా అంతే. పొద్దెక్కాక చీపురు చప్పుడు వినిపించిందా, ఆ ఇంటి పరువు వీధిన పడ్డట్టే. ఓయ్‌నిసా పదకొండేళ్లుగా ఊడుస్తోంది. నాలుగేళ్ల నుంచి చీపురుతో పాటు నోరూ ఆడుతోంది. "గో, వెంట్, గాన్. టేక్, టుక్, టేకెన్." ఇంగ్లీషు క్రియలు. "బ్రింగ్" దగ్గరికొచ్చేసరికి మాత్రం రోజూ తడబాటే. చీపురు కూడా ఆగిపోతుంది.

ఏ పనికి ఏ రూపం వాడాలో పుస్తకం చక్కగానే చెప్పింది. రోజూ చేసేదానికి ఒకటి, ఇప్పుడు చేస్తున్నదానికి ఒకటి, చేసి ముగించినదానికి ఇంకొకటి. మొదటి రెండూ ఆమెకు ఇట్టే పట్టుబడ్డాయి. రొట్టెలు కాలుస్తాను, కాలుస్తున్నాను. బట్టలు ఉతుకుతాను, ఉతుకుతున్నాను. మూడోదానికి ఉదాహరణ రాయమంటేనే కలం కదలదు. ఈ ఇంట్లో ఏ పని ముగిసింది గనక? పదకొండేళ్లలో ఒక్కటి చూపించండి!

ఇవాళ ఫెర్గానాలో పరీక్ష. నెగ్గితే చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం. సరిగ్గా ఇవాళే మొగుడు ఇల్హామ్ మేనత్తలు ఏడుగురూ పులావుకి వస్తున్నారు. "పరీక్షెక్కడికి పోతుంది, వచ్చే ఏడు రాసుకో. అయినా ఇంగ్లీషు నేర్చి ఎవరితో మాట్లాడతావ్, ఆవుతోనా?" అన్నాడు నిన్న, క్యారెట్ల సంచి దించుతూ. కిందటేడూ ఇదే మాట. అప్పుడు మరిది పెళ్లి. ఓయ్‌నిసా హాల్ టికెట్టు గౌను జేబులో పెట్టుకుంది. వెళ్లి తీరాలి. అత్తతో ఆ మాట అనడానికే నోరు రావడం లేదు.

ఇంటివైపు ఊడ్చి లోపలికి వచ్చేసరికి అత్త హోసియత్ టీ ముందు కూర్చుని ఉంది. ఆ ఇంట్లో టీ పోసేది ఎప్పుడూ కోడలే. ఇవాళ అత్తే కెటిల్ ఎత్తి, పియాలా అంచుదాకా పోసి, కోడలి ముందుకు జరిపింది.

ఆ ఊళ్లో కావలసిన మనిషికి సగమే పోస్తారు, మళ్లీ మళ్లీ పోయడానికి. నిండా పోశారంటే ఇక దయచేయమనే. ఆ మర్యాదలన్నీ నేర్పింది ఈ అత్తే.

"నేనేం తప్పు చేశానత్తయ్యా?"

"తాగి బయల్దేరవే మొద్దూ! ఏడింటికి కదూ బస్సు?"

"క్యారెట్లు..."

"నా ఆడపడుచులకి నేను తరగలేనా? కాపురానికొచ్చిన కొత్తలో నర్సు చదువుకి పోతానంటే, మా అత్త ఎన్ని సగం పియాలాలు పోసిందనుకున్నావ్! కూర్చో, కూర్చో అని. కూర్చున్నాను. ఇదుగో, ఇప్పటిదాకా కూర్చునే ఉన్నాను."

ఓయ్‌నిసాకు ఏడుపొచ్చింది. నాలుక కాలుతున్నా చుక్క మిగల్చకుండా తాగేసి, అత్త రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"వీధివైపు ఇంకా ఊడవలేదత్తయ్యా."

"నేనూడుస్తాలే."

"పొద్దెక్కింది. అందరూ చూస్తారు."

"చూడనీ!"

ఆమె నాలుగిళ్లు దాటేసరికి వెనక చీపురు చప్పుడు మొదలైంది. ఎదురిళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. అయినా హోసియత్ గొంతు తగ్గించలేదు. నాలుగేళ్లుగా కిటికీ పక్కన పడుకుని విన్నవన్నీ వరసపెట్టి అప్పజెబుతోంది. "బ్రింగ్" దగ్గర చీపురు ఆగలేదు.