తాడు దగ్గర చెప్పాల్సిన మాట

మా ఆయన విల్ఫ్‌ది పెద్ద గొంతు. మా లోయలో గొర్రెల సంత రోజున కొండపరుగు పెడతారు. పరుగుకు ముందు బండి మీదికెక్కి కేకేసేది ఏటా ఆయనే. మధ్యలో మానేసినా సరే, కిందికొచ్చి, పరుగు ముగిసే చోట కట్టిన తాడు దగ్గర నంబరు చెప్పి మరీ కదలాలని, లేకపోతే ఆ మనిషి కోసం ఊరంతా కొండెక్కి వెతకాల్సి వస్తుందని చెప్పేవాడు. ఒక ఏడు పొరుగూరి కుర్రాడొకడు చెప్పకుండా వెళ్లి పబ్బులో కూర్చున్నాడు. వానలో వెతికి వెతికి వచ్చిన విల్ఫ్ వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. వాడు ఏడ్చుకుంటూ పోయాడు, మళ్లీ మా వైపు రాలేదు. అలాగే బుద్ధి చెప్పాలని ఆ రోజు నేనూ అన్నాను.

ఈసారి ఆయనకు మళ్లీ పరిగెత్తాలని బుద్ధి పుట్టింది. అరవై దాటిన మనిషి. ముసలిదైతే మన కుక్క కూడా పొయ్యి పక్కన పడుకుంటుంది, దానికున్న తెలివి నీకు లేదా అని పొద్దున్నే దెప్పాను. వింటేగా! కేకేయడం తనే కేకేసి, తలలు లెక్కపెట్టే పని ఐజక్‌కి అప్పగించి పరుగెత్తాడు. ఐజక్ ఆయనకు బడి నాటి స్నేహితుడు, మా పక్క పొలం వాడు. వాడికి సొంత వేళ్లు లెక్కపెట్టుకోవడం కూడా రాదని విల్ఫ్ ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు.

మధ్యాహ్నానికి మబ్బు దిగి శిఖరం కింది బండలన్నీ కప్పేసింది. ఒకరి వెనక ఒకరు అందరూ దిగొచ్చారు. విల్ఫ్ రాలేదు. ఐజక్ లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు, టోపీ చేత్తో పట్టుకుని సంతలో నేను టీ పోస్తున్న గుడారంలోకి వచ్చాడు. ఏమీ చెప్పలేక చెప్పి, తాళ్లు తీసుకుని అందరికంటే ముందు తనే కొండెక్కాడు.

ఆడవాళ్లు నా చేతిలో కెటిల్ లాక్కుని కుర్చీలో కూర్చోబెట్టారు. భుజాల మీద శాలువా కప్పారు. నేనింకా ఏడవనే లేదు, అప్పుడే నన్ను విధవను చేసేశారు. పొద్దున కుక్కతో పోల్చిన మాటే పదేపదే గుర్తొచ్చింది.

వెతికే కుక్కకు వాసన చూపించడానికి ఆయన విడిచిన చొక్కా కావాలన్నారు. తేవడానికి ఇంటికి పరుగెత్తాను. పెరటి గుమ్మంలో బురద బూట్లున్నాయి. వంటింట్లో విల్ఫ్! స్నానం చేసి, తల దువ్వుకుని, చల్లారిన మాంసం కూరిన రొట్టె తింటున్నాడు.

"బండల మీద కాళ్లు వణికాయే," అన్నాడు తలెత్తకుండా. "పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ గొర్రెల కోసం దిగుతున్న చోటే. అడుగు పడలేదు. వెనక వైపు నుంచి వాగెంట వచ్చేశా."

"తాడు దగ్గరికి రావడానికేం?"

"ఏ మొహం పెట్టుకుని రాను? ఐజక్ గాడికి లెక్క తప్పుతుందిలే అనుకున్నా."

తర్వాత మెల్లగా అడిగాడు, మబ్బులో దారి తప్పానని చెబుదామా అని. నిజం చెప్పొద్దూ, ఆ అబద్ధం నాకూ తీయగానే తోచింది. శాలువా కప్పిన వాళ్లకు నేను మాత్రం ఏం చెప్పుకోను? అంతలో తెరిచిన కిటికీలోంచి కొండ మీది కేక సన్నగా వినపడింది. ఐజక్, మా ఆయన పేరు పెట్టి పిలుస్తున్నాడు. మళ్లీ పిలిచాడు. విల్ఫ్ చేతిలో ముక్క పళ్లెంలో పెట్టేశాడు. నేను బూట్లు తెచ్చి ఆయన ముందు పడేశాను.

మేమిద్దరం తాడు దగ్గరికి వెళ్లాక కొండ మీదున్నవాళ్లకు ఫోన్లో కబురందింది. మనిషి దొరికాడని మాత్రమే చెప్పారు. ముందుగా దిగింది ఐజక్. ప్యాంటు చిరిగి, మోకాలు పగిలి నెత్తురోడుతోంది. విల్ఫ్‌ని చూడగానే కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నాకేం కాలేదురా," అన్నాడు విల్ఫ్. "భయమేసి ఇంటికెళ్లి కూర్చున్నా."

ఐజక్ చేతులు మెల్లగా జారిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్లు నేల చూపులు చూశారు.

"తిట్టరా," అన్నాడు విల్ఫ్. "నోరారా తిట్టు."

"ఆ కుర్రాణ్ణి నువ్వు తిట్టావు చూడు," అన్నాడు ఐజక్ ముక్కు తుడుచుకుంటూ, "అంత బాగా నాకు రాదులే."

ఐజక్ గుడారంలోకి వచ్చి నా ముందు బల్ల మీద కూర్చున్నాడు. నేను శాలువా తీసి మడతపెట్టి, వేడినీళ్లతో వాడి మోకాలు కడిగాను. వాడి మొహం చూడలేకపోయాను. ఆ కుర్రాడి మొహం కూడా నా కళ్లకు కట్టింది.

అవతల తాడు దగ్గర విల్ఫ్ నిలబడ్డాడు. కొండ దిగినవాళ్లు ఒక్కొక్కరే సంతోషంగా వచ్చి ఆయన భుజం తడుతున్నారు. ఒక్కొక్కరికీ ఆయన అదే మాట చెప్పుకుంటున్నాడు. లోయంతా వినపడేలా కేకేసే మనిషి. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకు ఒక్క ముక్కా వినపడలేదు.