కలపని దూది

దూదేకే మిషను నోట్లోకి తోసే ముందు సిలార్ ప్రతి గుప్పెడు పత్తినీ వేళ్ళతో విడదీసి చూస్తాడు. గింజముక్క గాని, ఎండుటాకు తునక గాని తగిలితే గోటితో గిల్లి పక్కనున్న రేకు డబ్బాలో పడేస్తాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతని చూపు ఎక్కడో ఉంటుంది. వాకిట్లో కోడి వైపో, ఎదురింటి గోడ మీద ఆరేసిన గలీబుల వైపో. వేళ్ళకి కళ్ళ సాయం అక్కర్లేదు.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం ఆ ఒంటికి మించిన వెడల్పు. వయసులో ఉన్నన్నాళ్ళూ దూదేకే విల్లు మోసిన భుజాలవి. కనుబొమల్లో, చెవుల మీది వెంట్రుకల్లో దూది నుసి పేరుకుని ఉంటుంది. నెరిసిందెంతో, నుసి ఎంతో స్నానం చేస్తే గాని తెలియదు. ఏడాదిగా ఒక గంప పత్తి ఏకగానే మిషను ఆపి, గోడకి చెయ్యి ఆనించి నిలబడుతున్నాడు. ఎందుకని అడిగితే మిషను వేడెక్కిందంటాడు.

“మావయ్యా, టీ చల్లారిపోతంది,” అంది నజ్మీన్ గడపలోంచి.

“ఈ గంప అయిపోనీ అమ్మా.”

నజ్మీన్ అతని కోడలు. కొడుకు జాన్ బాషా మిర్చి లారీ మీద డ్రైవరు. మద్రాసనీ, బళ్ళారనీ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. భార్య పోయాక ఇంట్లోనూ పనిలోనూ సిలారుకి తోడు ఈ పిల్లే. దిండు సంచులు కత్తిరించేదీ, వీధిలో ఆడవాళ్ళకి పంచేదీ, వాళ్ళు కుట్టి తెచ్చినవి లాగి చూసేదీ ఆమే. అయితే సరుకు దింపే గుంటూరు సూపర్‌మార్కెట్టు గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు.

టీ తాగి గ్లాసు కింద పెడుతూ సిలార్ అన్నాడు: “ఇవాళ నువ్వు కూడా రావాలమ్మా.”

“నేనెందుకు మావయ్యా? అక్కడంతా ఇంగిలీషు.”

“మేడమ్ తెలుగే మాట్లాడుద్ది. మూటలు నేను ఎత్తలేను. ఆటో అక్బరొక్కడే ఏం మోస్తాడు?”

అక్కడ మూటలు ఎత్తే పని ఎవరికీ లేదు. దుకాణం వెనక గేటు దగ్గర చక్రాల బళ్ళుంటాయి, తోసే మనుషులుంటారు. ఆ సంగతి సిలారుకి తెలుసు. బ్రాడీపేటలో ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పట్టి, దూది పని ఇక మానేయాలనీ, ఇప్పటికే ఆలస్యమైందనీ చెప్పిన సంగతీ తెలుసు. ఇంట్లో మాత్రం మిరప ఘాటుకి దగ్గొస్తోందన్నాడు. ఈ ప్రాంతంలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

ప్రత్తిపాడు అవతల ఆ ఊళ్ళో వాళ్ళుండే వీధిని దూదేకుల బజారంటారు. సిలారు తండ్రి పీరు కాలంలో ప్రతి ఇంటి చూరుకీ ఒక విల్లు వేలాడేది. పత్తి ఇళ్ళకి చేరగానే తండ్రీ కొడుకులు ఊళ్ళ మీద పడేవాళ్ళు. రైతు పంచలో కూర్చుని, ఆ రైతు చేలో పండిన పత్తినే ఏకి, ఆ ఇంటి పెళ్ళికూతురికి పరుపు కుట్టేవాళ్ళు. పరుపు పూర్తయ్యేదాకా భోజనం ఆ ఇంట్లోనే. తర్వాత స్పాంజి పరుపులొచ్చాయి. ఒక ఏడు ఎవరూ పిలవలేదు. మరుసటి ఏడు కూడా పిలవకపోయేసరికి సిలార్ జిన్నింగు మిల్లులో కూలికి చేరాడు. జుట్టు నెరిసేదాకా అక్కడే చేశాడు. నుసి ఊపిరిలోకి దిగిందీ అక్కడే. బజారులో ఆడవాళ్ళు మిరప కోతలకి పోయేవాళ్ళు.

మిల్లు మూతపడ్డాక ఊరికే ఉండలేక ఇంట్లో దిండ్లు కుట్టి, తెలిసినవాళ్ళకి ఇచ్చేవాడు. ఆ దిండ్లలో ఒకటి మెడనొప్పితో బాధపడుతున్న ఒకావిడకి చేరింది. ఆవిడ కూతురు శ్రీరమ్య గుంటూరులో కొత్తగా తెరిచిన పెద్ద సూపర్‌మార్కెట్టులో కొనుగోళ్ళు చూస్తుంది. జిల్లాలో చిన్నపనివాళ్ళు చేసే సరుక్కి ఆ కంపెనీ ఒక వరస అరలు విడిగా కేటాయించింది. వాటిని నింపే బాధ్యత ఆమెది. దిండు ఆచూకీ పట్టుకుని ఒక మధ్యాహ్నం బజారుకొచ్చింది.

మొదట్లో అన్నీ తంటాలే. దిండ్లన్నీ ఒకే బరువుండాలన్నారు. చేతితో తూచి చెయ్యడం అలవాటైన సిలార్ కాటా వంక అనుమానంగా చూశాడు. వానాకాలంలో ఒక బండెడు సరుకు చెమ్మ వాసనొస్తోందని వెనక్కొచ్చింది. ఆ రోజు, ఇక మనకొద్దీ గొడవ, అన్నాడు. మరునాడు శ్రీరమ్య మూతలున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు పంపింది. సంచి అంచు మడిచి రెండు వరసలు కుట్టడం నేర్పమని ఒక టైలరును పెట్టింది. లేబులు, దాని మీద సిలారు పేరు, గీతలు, లైసెన్సుల గొడవ అంతా దుకాణం వాళ్ళే చూసుకున్నారు. అదేమీ దానధర్మం కాదు. దిండు బాగుంది గనక కొన్నారు, కొంటూ పోయారు గనక బజారు నిలబడింది. ఇప్పుడు కోతల రోజుల్లో కూడా సగం ఇళ్ళలో కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది.

అక్బర్ ట్రాలీ ఆటోలో దిండ్ల మూటలు వేసి, పైన పట్టా కట్టారు. ముందు సీటు మీద ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. కొంగులు ముక్కుకి కట్టుకున్న ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. ఏటుకూరు దగ్గర కోల్డ్ స్టోరేజీల ముందు బస్తాల లారీలు బారు తీరి ఉన్నాయి. అక్కడ ఘాటుకి అక్బరే నాలుగుసార్లు తుమ్మాడు. సిలార్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“బాబాయ్, ఆపనా? కాసిని నీళ్ళు తాగుతావా?”

“పోనీయ్‌రా. నీడలో ఆపుదువుగాని, పోనీయ్.”

వెనక గేటు దగ్గర సరుకు నాణ్యత చూసే కోటేష్ దిండ్లు తూచి, ఒకటి ఎంచుకుని, కుట్టు విప్పి, లోపలి దూది చేత్తో నలిపి చూశాడు. ఏమీ అనకుండా పక్కన పెట్టాడు. అతను ఏమీ అనలేదంటే బాగున్నట్టు. అంతలో శ్రీరమ్య వచ్చింది. సిలార్ నిలబడబోతే ఆగమని చేత్తోనే చెప్పి, తనే ఒక స్టూలు లాక్కుంది.

“సిలార్ గారూ, ఒంగోలు, నరసరావుపేట షాపుల వాళ్ళు కూడా మీ దిండ్లు అడుగుతున్నారు. ఒక్కటే చిక్కు. దిండు తేలిగ్గా ఉండాలి, మొత్తంగా ఉతుక్కునేలా ఉండాలి అంటున్నారు కస్టమర్లు. సగం దూది, సగం ఫైబర్ కలపగలిగితే హెడ్డాఫీసు వెంటనే ఒప్పుకుంటుంది.”

సిలారు మెడ మీద నరం లేచింది. ఇటువంటి మాటకి అతని దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: వద్దు. కిందటిసారి రంగుల దూది అడిగితే, మూటలు తిరిగి ఆటోలో వేయమని అక్బరుకి చెప్పి గేటు దాకా వెళ్ళిపోయాడు కూడా. శ్రీరమ్యే వెనకాల వచ్చి సర్దిచెప్పింది. ఇప్పుడూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దగ్గుతో పాటు దాన్నీ దిగమింగాడు.

“మా కోడలు చెప్పుద్ది మేడమ్. ఇక నించి ఆ అమ్మాయితోనే మాట్లాడండి.”

నజ్మీన్ అతని వైపు చూసింది. నలుగురిలో తనను నిలబెట్టేసి వెళ్ళిపోయిన మనిషిని చూసినట్టుంది ఆ చూపు. సిలార్ తల తిప్పుకుని దిండ్ల మూటల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె పైట కొంగు మెలిపెట్టింది, వదిలేసింది.

“కలిపితే కుదరదు మేడమ్,” అంది చివరికి. “ఎండలో పెడితే దూది పొంగుద్ది, ఫైబరు పొంగదు. రెండూ ఒక సంచిలో ఉంటే ముద్దలు కడతయ్యి. నెల తిరక్కుండా మీ దగ్గరికే వెనక్కొస్తయ్యి. మీకూ మాటే, మాకూ మాటే.”

“ఉతకలేని దిండు కొత్త షాపుల్లో కదలదమ్మా. అదీ నిజమే కదా,” అన్నాడు కోటేష్.

“నిజమేనండీ.” కోటేష్ కుట్టు విప్పిన దిండు చేతిలోకి తీసుకుంది. “దూది దిండుకి పైన ఇంకో గలీబు వేసి జిప్పు పెడతాం. అది ఊడదీసి ఉతుక్కుంటారు. మొత్తం ఉతికే దిండే కావాలంటే, ఫైబరుది వేరే కుడతాం. లేబులు కూడా వేరే ఉండాలి. దాని మీద మా మావయ్య పేరు వద్దు.”

ఫైబరుది వేరే కుడతాం అన్నచోట సిలార్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి శ్రీరమ్య తనవైపే చూస్తోంది. అతను గడ్డంతో కోడలి వైపు చూపాడు.

“రెండు రకాలవీ నమూనాలు తీసుకురామ్మా. హెడ్డాఫీసుతో నేను మాట్లాడతా. ఒప్పుకుంటారని మాటివ్వలేను,” అంది శ్రీరమ్య.

“సప్లయరు పేరు కూడా ఈ అమ్మాయిది రాయించండి మేడమ్,” అన్నాడు సిలార్.

“ఏం, మీకేమైంది?”

“వయసైంది.”

శ్రీరమ్య నీలం తిరిగిన అతని పెదాలు చూసింది. అలాగే చేద్దాం లెండి, అంది.

వెళ్ళబోయే ముందు నజ్మీన్ దుకాణం లోపల చూస్తానంది. మామా కోడలూ చల్లటి వరసల మధ్య నడిచారు. వాళ్ళ దిండ్లు తాటిబెల్లం సీసాలకీ, వెదురు బుట్టలకీ మధ్య ఉన్నాయి. నడివయసు ఆవిడ ఒకరు దిండును పిడికిలితో గట్టిగా అదిమి, వదిలి, అది మెల్లగా పైకి లేస్తుంటే చూసింది. మళ్ళీ ఒకసారి అదిమింది. తర్వాత బండిలో పడేసుకుని పప్పుల వైపు వెళ్ళిపోయింది. పక్కనే నిలబడ్డ ఇద్దరినీ ఆవిడ చూడనేలేదు.

“అది మా రాఘవమ్మత్త కుట్టు,” అంది నజ్మీన్ గుసగుసగా. “మూల దగ్గర రెండుసార్లు తిప్పుద్ది.” నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సిలారూ నవ్వాడు. నవ్వు దగ్గయింది. అరకి ఆనుకుని అది తగ్గేదాకా నిలబడ్డారు.

తిరుగుదారిలో ఆటో ఖాళీ. సిలార్ ముందు సీటులో ఇరుక్కోలేనని వెనక మడిచిన పట్టా మీద కూర్చున్నాడు. నజ్మీన్ కూడా పక్కనే కూర్చుంది. ఊరు దాటాక గాలి తగిలింది.

“కోపమొచ్చిందా మావయ్యా?”

అతను రోడ్డు వైపు తిరిగాడు. రోడ్డు పక్కన ఏరేసిన పత్తిచేలో మోళ్ళు పీకి కుప్పలేస్తున్నారు.

“నిజంగా కుడతావా ఫైబరు?”

“కుడతా. ఒంగోలు దాకా పోతే మన దూదొక్కటే చాలదు. మన బజారోళ్ళు మళ్ళీ కోతలకి పోకూడదు.”

ఆటో ఒక గుంటలో పడి లేచింది. సిలార్ పక్కకి ఒరిగి, చేత్తో ఆపుకున్నాడు.

“నేనైతే వద్దని లేచొచ్చేవాణ్ణి,” అన్నాడు. మళ్ళీ కాసేపటికి, “వేరే గదిలో కుట్టుకోండి. ఆ పీచు ఎగిరొచ్చి దూదిలో పడకూడదు.”

“పడదు మావయ్యా.”

“తలుపు మూసి కుట్టండి.”

“అట్నే.”

అతను వెనక్కి జారి రేకుకి తల ఆనించాడు. ఎండ ముఖం మీద పడుతుంటే నజ్మీన్ అటు తిరిగి అడ్డంగా కూర్చుంది. ప్రత్తిపాడు సెంటర్లో అక్బర్ అరటిపళ్ళు కొందామా అని అడిగితే, మావయ్య నిద్రపోతున్నాడు, పోనీయ్, అంది. బజారు మొదట్లో ఆటో ఆగింది.

“బాబాయ్, వచ్చేశాం,” అన్నాడు అక్బర్ దిగి.

నజ్మీన్ అతన్ని లేపబోయి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆమె పట్టులోంచి జారి ఒళ్ళో పడింది. కుట్టు మిషన్ల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగుతూ వచ్చింది.

జాన్ బాషా బళ్ళారి నించి తెల్లారేసరికి చేరాడు. మట్టి చేశాక, మధ్యాహ్నం శ్రీరమ్య, కోటేష్ వచ్చి చాప మీద కూర్చున్నారు. ఏం చెయ్యగలం చెప్పమ్మా, అని వెళ్ళేముందు శ్రీరమ్య మామూలుగా అడిగింది. నజ్మీన్ ఆ మాటని మామూలుగా తీసుకోలేదు.

“మిషను గదికి దుమ్ము లాగే ఫ్యాను కావాలి మేడమ్. ఆ దగ్గు మిరప ఘాటుకి కాదని నాకు ముందే తెలుసు. తెలిసీ ఊరుకున్నా. ఇంకో మనిషిని ఆ గదిలో అట్టా కూర్చోబెట్టలేను.”

శ్రీరమ్య తలూపింది. పై ఆఫీసులో నాలుగుసార్లు అడగాల్సి వచ్చింది గాని, నమూనా దిండ్లు ఒంగోలు వెళ్ళేలోపే ఫ్యాను వచ్చింది. కంపెనీ మనుషులే వచ్చి గోడకి బిగించి వెళ్ళారు. ఫైబరు కుట్టడానికి అక్బర్ వాళ్ళ వెనక గది తీసుకున్నారు. దానికి తలుపు లేకపోతే జాన్ బాషా చేయించాడు.

మళ్ళీ సరుకు వేసుకుని బయల్దేరే రోజు పొద్దున నజ్మీన్ మామగారి చొక్కా ఉతుకుదామని కొక్కెం మీంచి తీసింది. కాలరు దగ్గర వేలికి ఏదో గుచ్చుకుంది. ఎక్కడైనా దిండు మూతి ఊడితే అప్పటికప్పుడు కుట్టెయ్యడానికి అతను కాలరు అడుగున పెట్టుకున్న దబ్బనం అది. దానికి జానెడు తెల్లదారం ఎక్కించే ఉంది, చివర ముడి కూడా వేసే ఉంది.