శివకిరణ్ సినిమాల్లో అట్టడుగుది

మహబూబ్‌నగర్‌లో దర్శకుడు శివకిరణ్‌కు సన్మానం జరగబోతోందని విని బుష్రా నవ్వుకుంది. ఆ సభలో ఆయన సినిమాల గురించి మాట్లాడవలసింది తనేనని తెలిశాక ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

బుష్రా అక్కడి జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆమె పద్యం అందుకుంటే పక్క క్లాసు పిల్లలు కూడా చెవులు ఇటే వేసేవాళ్లు. నోరు మాత్రం మహా పదును. నచ్చని పుస్తకాన్నీ నచ్చని సినిమానూ ఒకే బండ మీద ఉతికి ఆరేసేది.

అడగడానికి వచ్చినవాడు లింగస్వామి. అదే కాలేజీలో చరిత్ర చెబుతాడు, ఊరి కళాసమితికి కార్యదర్శి. మంచివాడే. కాకపోతే శివకిరణ్‌కు వినిపించాలని ఒక కథ రాసి పెట్టుకుని ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఆయన పేరెత్తితే చాలు, నడుము దానంతటదే వంగుతుంది.

"పెద్ద ముచ్చటేం గాదు మేడమ్," అన్నాడు లింగస్వామి. "సారు తీసిన సినిమాలల్ల ఏది ఒకటోది, ఏది రెండోది అని మీకు తోచినట్టు వరుసబెట్టి చెప్పాలె. మీరు చెప్తె జనం వింటరు."

"వరుస కింద నుంచి మొదలువెడ్తె నడుస్తదా సార్?"

అది చమత్కారమనుకుని ఆయన నవ్వాడు. "ఎట్లన్న చెప్పున్రి గని జర మంచిగ చెప్పున్రి."

శివకిరణ్ పరాయివాడేమీ కాదు. కల్వకుర్తి దగ్గరి పల్లెలో శివయ్యగా పుట్టి, సినిమాల్లో శివకిరణ్ అయ్యాడు. పేరుతోపాటు యాసనూ విప్పి పారేశాడు. తెలంగాణ రాకముందు ఆయన సినిమాల్లో మన యాస మాట్లాడేవాడు రౌడీ పక్కన నిలబడేవాడు, లేదంటే బంగళాలో వంటవాడు. వాళ్లు ఎవరో ఒకరి చేత తన్నులు తినందే కథ ముందుకు కదిలేది కాదు. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాదే ఆయన హీరో యాస మాట్లాడసాగాడు. ఆయన భుజం మీదికి గొంగడి వచ్చింది. టీవీలో కనబడినప్పుడల్లా ఆ గొంగడికి దుకాణంలో పెట్టిన మడతలు అట్లాగే ఉండేవి.

ఇదంతా బుష్రాకు ఒళ్లుమంటే. కానీ అసలు మంట వేరు.

ఆమె తల్లి లాడ్లీ బేగంకు మక్తల్ బజారులో గాజుల దుకాణం ఉంది. భర్త సర్దార్ పోయాక దుకాణాన్ని ఒంటిచేత్తో నిలబెట్టింది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ల చేతులు పట్టుకుని, గాజు చిట్లకుండా ఎక్కిస్తూ, వాళ్ల కష్టసుఖాలు వింటూ ముసలిదైంది. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. కోపమొస్తే మాత్రం ఇంట్లోనూ తెలుగే. ఉర్దూలో తిడితే రుచి ఉండదని ఆమె అభిప్రాయం.

రాష్ట్రం వచ్చిన రెండేళ్లకు శివకిరణ్ 'నెత్తిమీద నింగి' అనే సినిమా తీశాడు. బొంబాయికి వలసపోయే పాలమూరు కూలీల కథ. షూటింగు మక్తల్‌లో జరిగింది. బొంబాయిలో కట్టడం మీది నుంచి పడి చచ్చిపోయిన కుర్రాడికి ఒక ముస్లిం తల్లి కావలసివచ్చింది. ముఖం నచ్చి లాడ్లీ బేగంను అడిగారు. మాటలేమీ రాసివ్వలేదు. నీకు ఎట్లా వస్తే అట్లా మాట్లాడమన్నారు. ఆమె మాట్లాడింది. అయిపోగానే లైట్లు మోసే మనుషులు కూడా కళ్లు తుడుచుకున్నారని, అక్కడున్న హనుమంతు అనే చాయ్ హోటల్ ఆయన ఊరంతా చెప్పాడు.

సినిమా విడుదలయ్యాక బుష్రా తల్లిని మహబూబ్‌నగర్ తీసుకొచ్చి చూపించింది. లాడ్లీ బేగం కొత్త చీర కట్టుకుని వచ్చింది. తెరమీద తన ముఖం కనబడగానే కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ తెరమీది ముఖం నోరు తెరిచింది. లోపలి నుంచి ఎవరిదో గొంతు వచ్చింది.

"మేరా బేటా చచ్చిపోయింది సాబ్! హమ్ ఇప్పుడు ఏం చెయ్యాల్ హై!"

హాలు గొల్లుమంది. వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. కొడుకు శవం మీద పడి ఏడుస్తున్న తల్లిని చూసి అంతమంది నవ్వారు. లాడ్లీ బేగం చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. సినిమా పూర్తిగా చూసింది. బస్సెక్కేటప్పుడు మాత్రం, "మంచిగనే తీసిండు," అంది.

బుష్రా ఊరుకోలేదు. తల్లితో మాట్లాడించిన సహాయ దర్శకుడి నంబరు సంపాదించి నిలదీసింది. ఆ అబ్బాయి పాపం మర్యాదస్తుడు. "నేను చెప్పి చూశానండీ. ముస్లిం క్యారెక్టర్ అంత చక్కటి తెలుగు మాట్లాడితే ఆడియన్స్ నమ్మరని సార్ అన్నారు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సినిమాకు అవార్డులు వచ్చాయి. శివకిరణ్ తీసినవాటిలో అదే గొప్పదని పేపర్లన్నీ రాశాయి. ఇక మక్తల్‌లో దుకాణం ముందు నుంచి పోయే కాలేజీ పోరగాళ్లు, "హమ్ ఏం చెయ్యాల్ హై" అని అరిచి పోవడం అలవాటు చేసుకున్నారు. గాజులకొచ్చిన ఆడవాళ్లు కూడా, "లాడ్లమ్మా, గా మాట ఒకపారి అనరాదు," అని సరదాగా అడిగేవాళ్లు. ఆమె నవ్వి గాజులు చూపించేది. తల్లి ఆ సంగతి మరిచిపోయిందనో, మరవాలనుకుంటోందనో బుష్రా ఆమె దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

లింగస్వామికి రానని చెప్పేద్దామనుకుంటూనే ఆ ఆదివారం బుష్రా మక్తల్ వెళ్లింది. తల్లికి సంగతి చెప్పింది.

"పోతవా?" అని అడిగింది లాడ్లీ బేగం, గాజుల పెట్టెలు సర్దుతూ.

"పోను అమ్మీ. పోతె నోరూకోదు."

"ఎందుకూకోవాలె? పో. నేను గూడ వస్త. ఆయనను దగ్గరికెల్లి చూడలే నేను. షూటింగుల గొడుగు కింద కూసుండె."

బుష్రా తల్లి ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ కనబడలేదు.

సభ రోజు టౌన్‌హాలు నిండిపోయింది. వేదిక మీద శివకిరణ్ గొంగడితో కూర్చున్నాడు. ఫ్యాన్ గాలికి అది జారుతుంటే పక్కనున్న మనిషి సర్దుతున్నాడు. దండలు అయ్యాయి. శాలువాలు అయ్యాయి. ఆయన గొప్పతనం గురించి ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు చాలాసేపు మాట్లాడారు. చివరికి లింగస్వామి బుష్రాను పిలిచాడు.

"అందరూ సారు సినిమాలను పైనుంచి లెక్కబెడతారు. నేనూ అంతే. కాకపోతే తెలుగు టీచర్ని, మార్కులు తక్కువొచ్చిన పేపరు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను," అని ఆమె మొదలుపెట్టింది. జనం నవ్వారు. శివకిరణ్ కూడా నవ్వాడు.

"అన్నిటికంటే పైన 'చింతకుంట రౌడీ'ని పెడతాను. అందులో మన యాస మాట్లాడేవాడు మొదటి రీలులోనే తన్నులు తిని వెళ్లిపోతాడు. తక్కినవాటిలో చివరిదాకా తింటాడు. దయ ఉన్న సినిమా అది."

ఈసారి నవ్వు పెద్దదైంది. లింగస్వామి నవ్వలేదు.

"దాని కింద 'వెన్నెల బస్టాపు'. మొదటి పాట దాకా మంచి సినిమా. పాటలో హీరోయిన్ వానలో తడిసింది. కథకు జలుబు చేసింది, ఇంక లేవలేదు. దాని కింద 'గండదీపం'. రాష్ట్రం వచ్చాక తీసింది. హీరో ప్రతి మాటకు ముందు 'గా' అంటాడు. తల్లినీ గా అంటాడు, దేవుణ్నీ గా అంటాడు. యాస అంటే గా అని సారుకు ఎవరో చెప్పి ఉంటారు. పుట్టిన ఊరికి ఒక్కసారి పోయి వచ్చినా ఆ తప్పు జరిగేది కాదు."

వెనక వరుసల్లో చప్పట్లు మోగాయి. ముందు వరుసలు బిగుసుకున్నాయి. శివకిరణ్ పెదవుల మీద నవ్వు ఉంది, కళ్లలో లేదు.

"అట్టడుగున 'నెత్తిమీద నింగి'," అంది బుష్రా.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అవార్డులొచ్చిన సినిమా అది.

"తక్కినవి తెలివితక్కువగా తీసినవి. వాటిని క్షమించొచ్చు. ఇది తెలిసి చేసిన పని. కొడుకు చచ్చిపోయిన తల్లి ఏడుస్తుంటే హాలంతా నవ్వింది. ఆమె నోట్లో అట్లాంటి భాష పెట్టారు. ఈ జిల్లాలో ఏ ముస్లిం తల్లి అట్లా మాట్లాడుతుందో సారు చూపిస్తే, ఈ సినిమాను మొదటి స్థానంలో పెట్టి ఇంటికి పోతాను."

శివకిరణ్ మైకు అడిగి తీసుకున్నాడు. విమర్శ అంటే తనకు గౌరవమని చెప్పాడు. "కానీ మేడమ్‌గారు పట్నంలో చదువుకున్నవారు. నేను నెలల తరబడి ఆ మనుషుల మధ్య తిరిగి పరిశోధన చేశాను. వాళ్లు అట్లాగే మాట్లాడతారు. ఆ అమాయకత్వాన్నే నేను పట్టుకున్నాను," అన్నాడు. ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి.

బుష్రా జవాబు చెప్పబోయింది. అంతలో మూడో వరుసలో లాడ్లీ బేగం లేచి నిలబడింది.

"గా మనిషిని నేనే సారూ," అంది.

శివకిరణ్ ఆమె వైపు చూశాడు. గుర్తుపట్టలేదు. లింగస్వామి ఆయన చెవిలో ఏదో చెప్పాక గబగబా చేతులు జోడించి, పైకి రమ్మన్నాడు. ఆమె కొంగు సర్దుకుని మెట్లెక్కింది. కూతురి పక్కనే నిలబడి మైకు అందుకుంది.

"నా బిడ్డ చెప్పింది మంచిగనే ఉన్నది. గని నా ముచ్చట నేనే చెప్పాలె," అంది. "గానాడు షూటింగుల నేనేం మాట్లాడిన్నో ఈడ ఎవ్వరికి ఎరుక లేదు. ఇనున్రి."

ఆమె వేదిక మీద, తన పాదాల ముందు ఎవరో పడుకుని ఉన్నట్టు కిందికి చూసింది.

"గంప కింద కోడిపిల్లను దాసినట్టు దాసి సాదిన గదా కొడుకా. ఊళ్లె బువ్వ లేదు, బొంబాయికి తోలమన్రు. తోలిన. బువ్వ దొరికె. నువ్వే దొరకకపోతివి. ఇగ గా బువ్వ ఎవరు తినాలె కొడుకా?"

గొంతు పెంచలేదు. ఏడవలేదు. హాల్లో ఎక్కడో ఒక ఆడమనిషి ముక్కు చీదిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. బుష్రా తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఇన్నేళ్లు ఈమెను కాపాడుతున్నాననుకుంది తను. ఆ మాటలేమిటని ఒక్కనాడైనా అడగలేదు.

శివకిరణ్ లేచి వచ్చాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఫొటోలు తీసేవాళ్ల వైపు కొద్దిగా తిరిగి తుడుచుకున్నాడని బుష్రాకు అనిపించింది.

"అమ్మా, ఎంత గొప్ప గొంతమ్మా నీది," అన్నాడు.

"గప్పుడు గూడ ఇదే గొంతుండె సారూ. మీరే వద్దన్నరు."

హాలు ఒక్కసారిగా దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. శివకిరణ్ మైకు అందుకుని, ఆ సినిమాకు అమ్మ గొంతుతో మళ్లీ డబ్బింగ్ చెప్పిస్తానని ప్రకటించాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

మరునాడు పేపర్లలో 'తల్లి పాదాల చెంత దర్శకుడి కన్నీరు' అని వచ్చింది. లాడ్లీ బేగం పేరు లాల్‌బీ అని వేశారు. బుష్రా పేరు అసలే లేదు. డబ్బింగ్ కోసం ఫోన్ వస్తుందని లింగస్వామి కొన్నాళ్లు చెబుతూ వచ్చాడు. రాలేదు. ఆయన కథను కూడా ఎవరూ వినలేదు. కొంతకాలం ఆయన బుష్రాతో ముభావంగా ఉండి, తర్వాత ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చుని, "మీ అమ్మ మాటే ఖరీదు మేడమ్. నా కథ మొత్తం గలిపి గంత లేదు," అన్నాడు.

మక్తల్‌లో మాత్రం పోరగాళ్లు దుకాణం ముందు అరవడం మానేశారు. ఎవరో ఫోనులో తీసిన ముక్క ఊరూరా తిరిగింది. కొన్ని పల్లెల నుంచి, కొడుకులు వలసపోయిన తల్లులు గాజుల వంకతో వచ్చి, ఆమె దగ్గర కూర్చుని పోయేవారు.

కరోనా తగ్గి హాళ్లు తెరిచాక శివకిరణ్ కొత్త సినిమా వచ్చింది. అందులో ఒక ముస్లిం తాత అచ్చమైన పాలమూరు తెలుగు మాట్లాడాడు. దర్శకుడు మట్టి భాషను వెలికితీశాడని మళ్లీ పేపర్లు రాశాయి. బుష్రా తల్లిని తీసుకుని వెళ్లింది. ఇంటర్వెల్‌కు ముందు లాడ్లీ బేగం శ్రద్ధగా చూసింది. తర్వాత హీరో కొండ మీది నుంచి దూకి ఒంటిచేత్తో లారీ ఆపుతుంటే బుష్రా పక్కకు తిరిగి చూసింది. తల్లి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిద్రపోతోంది.

బయటికొచ్చాక అడిగింది. "ఎట్లున్నది అమ్మీ?"

"ముసలాయన మాట మంచిగున్నది," అంది లాడ్లీ బేగం, చెప్పులు వేసుకుంటూ. "కథే లేదు. గీయనకు గదెవరు నేర్పాలె?"