తడవని మేజోళ్ళు

చెమట వాసన... లైట్ల మీద కాలుతున్న దుమ్ము వాసన.

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో. తొంభై ఒకటో సంవత్సరం, ఏప్రిల్ ఎండలు.

షూటింగ్ అయ్యాక తడిసిన మేజోళ్ళన్నీ తాడు మీద ఆరేసేవాడు కాస్ట్యూమర్ త్రినాథరావు.

ఒక్క సత్యనారాయణమూర్తిగారివి తప్ప.

తండ్రి వేషాలు వేసే మూర్తిగారికి పదేళ్ళుగా షుగరు. తొమ్మిది గంటలు బూట్లలో ఉన్నా ఆయన మేజోళ్ళు పొడిగానే ఉండేవి — అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు.

"పుణ్యాత్ములండీ మీరు" అనేవాడు త్రినాథరావు. మంచి బూట్లన్నీ ఆయనకే దాచేవాడు. ఆర్నెల్లు అలా మురిసిపోయాడు, వెర్రిబాగులవాడు.

ఆ రోజు శవం సీను. పాడె మీద వట్టి కాళ్ళతో మూర్తిగారు. కట్ అనగానే లేచి నిలబడ్డారు...

కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు.

అలాగే ఒరిగిపోయారు. యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది — ఇంకా నటిస్తున్నారనుకుని.

త్రినాథరావు ఒక్కడే పరుగెత్తి పట్టుకున్నాడు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుతుంటే పాదాలు చేతికి తగిలాయి. బీటలు వారి, ఒక్క చుక్క తడి లేకుండా... అంత ఉక్కలో.

"డాక్టరుకి చూపిద్దామండీ బాబుగారూ."

"ఎవరికీ చెప్పకయ్యా. రోగిష్టివాడని తెలిస్తే ఇక వేషాలివ్వరు."

త్రినాథరావే వెంట తీసుకెళ్ళాడు. జూబ్లీహిల్స్‌లో డాక్టరు పట్టాభిరామయ్య మూర్తిగారిని పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూశాడు. నిలబడితే అమాంతం పడిపోయింది. ఊపిరి నిండా పీల్చి, వదలమన్నాడు. ఈసీజీ కాగితం సాగింది.

పీలిస్తే గుండె కాస్త పరుగెత్తాలి. వదిలితే నెమ్మదించాలి.

ఆ గుండె దేనికీ మారలేదు. కాగితం మీద గీతకీ గీతకీ ఒకే దూరం... ఒకే దూరం... ఊపిరితో తనకేం పనిలేనట్టు.

"చెమటనీ గుండెనీ నడిపే నరాలు షుగరు వల్ల బాగా దెబ్బతిన్నాయి. ఇప్పటికైనా జాగ్రత్తపడితే ఇంకా ముదరకుండా చూడొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి — గుండెపోటు వచ్చినా మీకు నొప్పి తెలియకపోవచ్చు."

వారం తిరగలేదు. ఈసారి గుండెపోటు సీను. మూర్తిగారు ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు.

కట్.

ఆయన లేవలేదు. ఊపిరి మాత్రం ఆడీ ఆడనట్టు ఎగపోస్తోంది.

"ఎంత సహజంగా చేశారండీ!" అన్నాడు డైరెక్టరు.

త్రినాథరావు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నొప్పిగా ఉందా బాబుగారూ?"

"లేదయ్యా... ఏమీ లేదు."

ఆ మాట విని త్రినాథరావు భయపడ్డాడు. జీవితంలో ఎప్పుడూ అంత భయపడలేదు.

"కారు తియ్యండి! ఈయన గుండె బాగాలేదు!" అందరి ముందూ అరిచేశాడు.

మూర్తిగారు అతని నోరు మూయబోయారు. చెయ్యి అంతదాకా లేవలేదు.