ఈకలు వచ్చేదాకా

కొత్తగా చూసినవాళ్లెవరైనా ఆ పెరట్లో కుక్కలు పడ్డాయనే అనుకుంటారు. కోళ్లగూడు నిండా ఈకలు, నీళ్ల తొట్టి చుట్టూ ఈకలు, తీగ మీద ఆరేసిన లంగాల అంచులకు ఈకలు. గాలి కాస్త ఇటు తిరిగితే చాలు, వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చి గిన్నెల్లో పడేవి.

"నిన్న టీలో ఒకటి. ఇవాళ బూటులో ఒకటి," అన్నాడు డ్రైవరు, డ్యూటీకి బయల్దేరబోతూ మేజోడు దులుపుకుని. "ఇలాగే ఉంటే నాక్కూడా రెక్కలొచ్చి ఎగిరిపోతాను. తర్వాత ఆ బస్సు నువ్వే తోలుకో."

"మెల్లిగా అనండి. అక్క వింటుంది," అంది అతని భార్య.

అక్క పెరటి గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు దంచుతోంది. వింటే విన్నట్టు, లేకపోతే లేనట్టు, రోకలి మాత్రం ఆగలేదు.

"మనకేమో ఉత్త మెతుకులు, వాటికేమో చేపల విందు. గుడ్డు పెట్టేటప్పుడు కూడా ఇంత మర్యాద జరగలేదు వదినగారూ," అని అటువైపు ఒక మాట విసిరి వెళ్లాడు డ్రైవరు. చెడ్డవాడు కాదు. నోట్లో మాట నిలవదు, అంతే.

ముందుగది చెల్లెలి కుట్టుపని కొట్టు. వెనకొక పడగ్గది, వంటిల్లు, ఆ వెనక చాప పరిచినంత పెరడు. బావ పోయాక అక్క ఒక బట్టల సంచీ, అట్టపెట్టెలో మూడు పెట్టలూ తెచ్చుకుని ఈ ఇంటికొచ్చింది. బావ కరెంటు లైన్‌మన్. స్తంభం ఎక్కినవాడు దిగలేదు. అప్పట్నుంచీ అక్క రాత్రిళ్లు కొట్టులో బల్లకింద, గుడ్డముక్కల పక్కన పడుకుంటోంది. పగలు కోళ్లతో ఉంటోంది. ఆ మూడింటిలో మచ్చల పెట్టను బావే తెచ్చాడట, వానలో దొరికిన పిల్లను చొక్కా జేబులో వేసుకుని. అక్క ఈ ఇంట్లో తనంతట తానుగా చెప్పిన కథ అదొక్కటే.

ఈకలు రాలడం మొదలైనప్పుడు చెల్లెలు జబ్బే అనుకుంది. నల్లదీ ఎర్రదీ కొద్దికొద్దిగా రాల్చుకుంటుంటే మచ్చలది మాత్రం ఒక్కసారిగా వదిలేసింది. మెడా వీపూ బోసిపోయి, మిగిలిన రెండు తోక ఈకలతో అది వలిచిన మొక్కజొన్న పొత్తులా నిలబడింది. మిగతావి పొడుస్తున్నాయని అక్క దాన్ని గూట్లోంచి తీసి, వసారా మూల విడిగా గంప కింద ఉంచింది.

"మందేమైనా వేద్దామా అక్కా?"

"జబ్బు కాదు. ఏటా మార్చుకుంటాయి. ఈసారి దీనికి ఎక్కువైంది."

చెల్లెలు గంప ఎత్తి చెయ్యి పెట్టబోతే అక్క ఆపింది. "ముట్టుకోకు. కొత్త ఈక ముల్లులా మొలుస్తుంది. దాని లోపల నెత్తురుంటుంది. పట్టుకుంటే నొప్పి, విరిగితే కారిపోతుంది."

"మరేం చెయ్యాలి?"

"తిండి పెట్టాలి. గాలి తగలకుండా చూడాలి. ఊరుకోవాలి."

"ఊరుకోవడం కూడా ఒక పనేనా?"

"నీకు రాని పని అదొక్కటే," అంది అక్క. చాలాకాలానికి ఆ గొంతులో వెటకారం వినిపించి చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది.

నిజంగానే ఆమెకు ఊరుకోవడం రాదు. ఎక్కడైనా కుట్టు ఊడితే సూది తియ్యాల్సిందే. అక్క వచ్చిన దగ్గర్నుంచీ జడ తనే వేసేది, రంగు చీర తనే తీసిచ్చేది. పక్కవీధి కలప డిపో గుమాస్తా ప్యాంటు బిగుతు చేయించుకోవడానికి కొట్టుకొచ్చి, బొత్తాలు కుడుతున్న అక్కను చూశాడు. భార్య పోయినవాడు, పిల్లలు ఎదిగినవాళ్లు, మాట నెమ్మది. ఆయన పెళ్లి కబురు పంపిన దగ్గర్నుంచీ చెల్లెలికి అదే పాట.

"తోడుండాలక్కా. ఒంటరిగా ఎన్నాళ్లుంటావు?"

అక్క కాదనలేదు. ఔననీ అనలేదు. "వీటికి ఈకలు రానీ. అప్పుడు చెప్తాను," అంది.

డ్రైవరు ఆ మాట విని తలపట్టుకున్నాడు. "మనుషుల పెళ్లికి కోళ్ల ముహూర్తమా? ఆయన గుమాస్తా. ఋషి కాదు."

కానీ చెల్లెలికి తెలుసు, అది తప్పించుకునే మాట కాదని. బావ పోయిన తర్వాత అక్క నోట 'అప్పుడు' అనే మాట రావడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఆవిడకు ఇవాళ తప్ప మరో రోజు లేదు. తొందర పెట్టకూడదనుకుంది. మనసులో గట్టిగానే అనుకుంది.

ఈలోగా చలిగాలి మొదలైంది. గుమాస్తా మళ్లీ కబురంపాడు. ఆదివారం వచ్చి మాట్లాడతాననీ, ఆవిడకి ఇష్టం లేకపోతే ఇక ఆ మాట కదపననీ. చెల్లెలు ఆ సంగతి అక్కతో చెప్పలేదు. వసారాలోకి వెళ్లి గంప సందులోంచి చూసింది. మచ్చలది తల లోపలికి లాక్కుని వణుకుతోంది. దాని వీపు మీద నీలంగా, సూదుల పెట్టె తెరిచినట్టు, మొలకలు వరసగా లేచి ఉన్నాయి.

ఇంత చలికి ఎప్పటికి వస్తాయి ఈకలు? వెచ్చగా ఉంటే గబగబా వచ్చేస్తాయి కదా?

మర్నాడు పొద్దున అక్క తవుడు కోసం మిల్లుకెళ్లింది. చెల్లెలు బల్లకింద వెతికి, పసిపిల్లల గౌన్లు కుట్టగా మిగిలిన తెల్లటి ఉన్నిగుడ్డ బయటికి లాగింది. కోడి చొక్కాకి టేపు పెట్టే పనిలేదు. ఒంటిని చూస్తే కొలత చెప్పగల కన్ను ఆమెది. మెడకు గుండ్రంగా, రెక్కలకు రెండు సందులు, పొట్ట కింద ఎలాస్టిక్కు. అంచు మడిచి రెండోసారి కుట్టు కూడా వేసింది. దారం పోగు ఒంటికి గుచ్చుకోకూడదని లోపల కత్తిరించింది. అంత జాగ్రత్త పడింది.

తొడుగుతుంటే కోడి అరిచింది. రెక్క లాగి సందులోకి దూర్చేటప్పుడు ఇంకా అరిచింది. "అయిపోయిందమ్మా, అయిపోయింది," అని పసిపిల్లకు చెప్పినట్టే చెప్పింది చెల్లెలు. కింద వదిలితే అది చొక్కాలోంచి బయటపడాలని వెనక్కి వెనక్కి నడిచింది. అలా నడిచి నడిచి తొట్టికి గుద్దుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. అక్క చూస్తే తనూ నవ్వుతుందనుకుంది.

ఇక గంప కింద ఒంటరిగా ఎందుకు, తోడుంటే ఇంకా వెచ్చగా ఉంటుంది కదా అని, దాన్ని గూట్లో మిగతా రెండింటితో పెట్టి గడియ వేసింది. కొట్టులోకి వచ్చి మిషను మీద కూర్చుంది. బడిపిల్లల నిక్కర్లు, దళసరి గుడ్డ. ఆ మిషను నడుస్తుంటే వీధిలో మనిషి పిలిచినా వినబడదు.

అక్క తవుడు సంచితో కొట్టులోంచే లోపలికెళ్లింది. "పెరట్లో ఒకటి చూపిస్తా ఉండు," అంటూ చెల్లెలు చేతిలో కుట్టు పూర్తిచేసి లేచింది. అప్పటికే సంచి పడిన చప్పుడైంది.

ఎలాస్టిక్కు కింద మొలకలు విరిగాయి. నెత్తురు తెల్లగుడ్డ మీదికి ఊరింది. ఎర్రగా కనబడితే కోడి పొడవక మానదు. ఒకటి పొడిస్తే రెండోది ఊరుకోదు. గడియ వేసిన గూట్లోంచి, బిగిసిన చొక్కాలోంచి మచ్చలది ఎక్కడికీ పోలేకపోయింది. మూల ఇరుక్కుని ఉంది. నల్లది ఇంకా దాని మెడ దగ్గరే ఉంది. ముక్కు ఎర్రగా ఉంది.

అక్క గూడు తెరిచి దాన్ని రెండు చేతులా తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పటికింకా ఊపిరుంది. కాసేపటికి అదీ లేదు.

"చలికి వణుకుతోందని..." అంది చెల్లెలు. తిట్టు, అక్కా, ఒక్క తిట్టు తిట్టు అని లోపల మొత్తుకుంది. అక్క తలెత్తి కూడా చూడలేదు. చొక్కా అంచు వేలితో తడిమి, "రెండు కుట్లు వేశావే," అంది. మెచ్చుకున్నట్టే అంది.

గోడవార గొయ్యి తవ్వింది అక్కే. చెల్లెలు పార అందుకోబోతే ఇవ్వలేదు.

సాయంత్రం డ్రైవరు వచ్చి, "ఏంటివాళ ఒక్క ఈకా కనపడలేదు..." అని మొదలెట్టి, భార్య మొహం చూసి నోరు మూసుకున్నాడు. పెరట్లోకి వెళ్లి గూటి ముందు కాసేపు నిలబడ్డాడు. "వదినా, ఇంకో పిల్లని తెద్దామా?" అన్నాడు. గారూ గీరూ లేకుండా పిలవడం అదే మొదటిసారి.

"వద్దు బాబూ," అంది అక్క.

ఆవిడ కుళాయి దగ్గర ఆ చొక్కాను ఉతుకుతోంది. నెత్తురు మరకకి చన్నీళ్లే వాడాలని చెల్లెలే ఎప్పుడో చెప్పింది. మరక పోయేదాకా ఉతికి, పిండి, తీగ మీద ఆరేసింది. ఆరాక నాలుగు మడతలు పెట్టి తెచ్చి కొట్టులో బల్ల మీద ఉంచింది.

"గుడ్డ మంచిది. దేనికన్నా పనికొస్తుంది. ఆ గుమాస్తాగారిని రమ్మను."

"ఇప్పుడెందుకక్కా? ఈకలు వచ్చేదాకా అన్నావుగా."

"మచ్చలదాని కోసం అన్నాను."

"అక్కా, నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు. ఇక్కడే ఉండు. నేనిక ఏమీ..."

"ఉండి?" అంది అక్క. అడిగినట్టుగా కూడా లేదు. "రమ్మను. ఎప్పుడంటే అప్పుడు."

ఆయన ఆదివారం వస్తాడని చెల్లెలు చెప్పింది. అక్క సరేనంది. చెల్లెలికి చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎప్పుడూ నోటికి వచ్చే మాటే వచ్చింది. "కొత్త జాకెట్టు కుట్టాలి మరి. ఒళ్లు తగ్గావు, పాత కొలత సరిపోదు."

అన్నాక నాలుక కరుచుకుంది. అక్క మాత్రం దీపం కిందికొచ్చి, చేతులు పక్కలకి ఎత్తి నిలబడింది. చెల్లెలు మెడలోని టేపు తీసి ఆమె వీపు చుట్టూ వేసింది. టేపు తగలగానే అక్క భుజాలు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి.

"నొప్పా అక్కా?"

"కానివ్వు," అంది అక్క. ఎత్తిన చేతులు దించలేదు.