సీతారాం సేట్ నోట్లో పటిక బెల్లం

నాది బస్సులో కండక్టరు ఉద్యోగం. రోజంతా "రైట్ రైట్", "హోల్డాన్", "జర ముందుకు జరుగున్రి" అని అరిచీ అరిచీ ఆదివారం వచ్చేసరికి గొంతు గీరుకుపోయి ఉంటుంది. అందుకే దబీర్‌పురా స్టేషన్ వెనక బడి గ్రౌండులో ఆడపిల్లలకు ఖోఖో నేర్పేటప్పుడు నేను పెద్దగా మాట్లాడను. విజిల్ ఊదుతాను, చెయ్యి చూపిస్తాను, అంతే. ఈ పని చెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు, జీతం ఎవరూ ఇవ్వరు. చిన్నప్పుడు ఆడాను కాబట్టి ఇప్పుడు కాళ్లు ఊరుకోవు. హెడ్మాస్టరును గ్రౌండు అడిగితే తాళంచెవి చేతిలో పెట్టి, "పోయేటప్పుడు తాళం వెయ్యడం మాత్రం మర్చిపోకు స్వరూపమ్మా" అన్నారు.

పిల్లలు బంగారం. వచ్చిన చిక్కల్లా వాళ్లను కన్నవాళ్లతోనే. నేను మిగిల్చుకున్న అరుపులన్నీ వాళ్లు గీత బయట నిలబడి వాడేసుకుంటారు. రైల్వేలో పనిచేసే డానియేలు ఉన్నాడు, తన కూతురు సోనీ ఔటైన ప్రతిసారీ ఆయనకు రిఫరీ కళ్లమీద అనుమానమే. ఇంకో తల్లి టిఫిన్ డబ్బా మూతను వాయిస్తూనే ఉంటుంది. వీళ్లందరినీ ఒక పక్కన పెడితే రెండో పక్కకు సీతారాం సేట్ ఒక్కడు చాలు.

సీతారాం సేట్‌కు బేగంబజార్‌లో పటిక బెల్లం, ఖర్జూరాల హోల్‌సేల్ దుకాణం. మనిషి వెన్న. గొంతు మాత్రం గోదాములో చివరి బస్తా దగ్గరున్న హమాలీకి కూడా వినిపించేలా తయారైంది. ఆయన ఒక్కగానొక్క కూతురు స్రవ్య ఎనిమిదో తరగతి చదువుతోంది. నా జట్టులో అంత చురుకైన పిల్ల ఇంకొకతె లేదు. ఖోఖోలో కూర్చున్న పిల్ల వెనక ఏం జరుగుతోందో చూడలేదు కదా, తరిమే పిల్ల వీపు తట్టి "ఖో" అన్నాకే లేవాలి. స్రవ్యకు ఆ మాట చెవిన పడితే చాలు, వీపు మీద చెయ్యి పూర్తిగా ఆనకముందే ఉరికేస్తుంది.

అలాంటి పిల్ల మలక్‌పేట జట్టుతో ఆటలో మూడుసార్లు ఉత్తపుణ్యానికి లేచింది. ఎవరూ తట్టలేదు, ఎవరూ ఖో అనలేదు. ఒక్కర్తే లేచి నిలబడి, చుట్టూ చూసి, వెర్రిముఖం వేసింది. మూడుసార్లూ ఫౌలే. చేతికి దొరకబోతున్న అవతలి పిల్ల మూడుసార్లూ తప్పించుకుని పోయింది. మేం ఓడిపోయాం.

"ఎవ్వలు లెవ్వమన్నరే నిన్ను? గంత ఆగమాగం ఏంది?" అని సీతారాం సేట్ అందరి ముందూ కేకలేశాడు. స్రవ్య తల దించుకుని స్కూటర్ ఎక్కింది. గేటు దాటేదాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

తరువాతి ఆదివారం స్రవ్య ఆటబట్టలు వేసుకోకుండా వచ్చింది. గోడ దగ్గరే నిలబడింది. నేనే వెళ్లి అడిగాను.

"అక్కా, నేను ఇగ ఆడను," అంది.

"ఎందుకే?"

"నాకు చెవులల్ల ఊకె ఖో అని వినిపిస్తది అక్కా. ఎవ్వలు అనకున్నా వినిపిస్తది. బాపు చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపోయిండు."

"డాక్టరేమన్నడు?"

"చెవులు మస్తున్నయన్నడు." ఆ మాటకు దాని కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "చెవులు మంచిగున్నయంటే దిమాగే ఖరాబున్నట్టు కదా అక్కా?"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే దాన్ని దగ్గరికి తీసుకున్నాను. పదమూడేళ్ల పిల్ల తనకు పిచ్చి పట్టిందేమో అని వారం రోజులు లోపల్లోపలే కుమిలిపోయిందన్నమాట. "గట్లేం లేదు, ఫికర్ చెయ్యకు" అన్నాను గానీ, ఎట్లా లేదో నాకూ తెలియదు. ఈ పిల్లను ఆట మాననివ్వకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ముందు ఆ తండ్రి సంగతి చూద్దామని డ్యూటీ దిగి తిన్నగా బేగంబజార్ వెళ్లాను. పిల్లను నలుగురిలో అరవొద్దని నాలుగు మాటలు గట్టిగా అనాలని దారంతా కూడబలుక్కున్నాను. తీరా వెళ్తే సేట్ చేతులు జోడించి, స్టూలు వేయించి, చాయ్ తెప్పించాడు. దుకాణంలో జాగా లేక ఆ స్టూలును వీధివైపుకు వేశారు. ఆయన గద్దె నా వెనక ఉంది. పక్కనే ఆయన తల్లి సుగుణమ్మ ఖర్జూరాలు ఏరుతోంది. భర్త పోయాక ఆ దుకాణాన్ని ఇన్నేళ్లు నడిపింది ఆవిడే. ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పింది, నోటిని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

బస్తాలు దిగుతున్నాయి. "ఇధర్ రఖో!" అన్నాడు సేట్.

నేను లేచి నిలబడ్డాను.

హమాలీకి దారి ఇవ్వడానికే లేచానేమో అనుకుని కూర్చున్నాను. "అరే భాయ్, దేఖో!" అన్నాడు. మళ్లీ లేచాను. కూర్చున్నాను. ఈసారి సుగుణమ్మ, "దేఖో రే, బస్తా చినిగింది, దేఖో!" అంది. చాయ్ సగం నా చీర మీద పడింది.

"ఏంది మేడం, గట్ల లేస్తున్నరు? స్టూల్‌కున్న మొల గుచ్చుకుంటున్నదా?" అన్నాడు సేట్ కంగారుగా.

నాకు అప్పుడు తట్టింది. తట్టగానే నవ్వు ఆగలేదు. ఆ బజారులో పొద్దంతా వినిపించేవి రెండే మాటలు, చూడమనే దేఖో, పెట్టమనే రఖో. రెండింటి తోకలోనూ ఖో ఉంది! ఆయన గ్రౌండు గీత మీద నిలబడి, "స్రవ్యా, దేఖో! దేఖో!" అని గొంతు చించుకుంటే, ఆ గోలలో దే మునిగిపోయి ఖో ఒక్కటే పిల్ల చెవికి చేరుతోంది. అది మంచి ఆటగత్తె కాబట్టి లేస్తోంది. చెవులు సరిగ్గా లేని పిల్లయితే హాయిగా కూర్చునే ఉండేది.

ఈ సంగతి చెబితే సేట్ నమ్మలేదు. "ఏం ముచ్చట చెప్తున్నరు మేడం! ఇన్నేండ్ల సంది ఈడ అదే మాట అంటున్న. ఒక్క హమాలీ అన్నా లేసి ఉరికిండా?" అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. పిల్లకు చెబుదామా అంటే, తండ్రి ఒప్పుకోని మాట తను ఒప్పుకోదు. అది బాపు మాటే వేదం అనుకునే పిల్ల.

అందుకని వేరే దారి పట్టాను. వచ్చే ఆదివారం ఆట పిల్లలకు కాదు, అమ్మానాన్నలకు అని చెప్పాను. "సుగుణమ్మగారిని తప్పకుండా తీసుకురండి, కుర్చీ వేయిస్తాను" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఆ ఆదివారం చూడాలి మా గ్రౌండును! పిల్లలందరూ గోడెక్కి కూర్చున్నారు. పెద్దవాళ్లు వరుసగా గొంతుక్కూర్చుంటే మోకాళ్లు టపటపమన్నాయి. టిఫిన్ డబ్బా తల్లి చెప్పులు విప్పి, కొంగు దోపి, పరుగుకు సిద్ధమైంది. తరిమేవాడు డానియేలు. సీతారాం సేట్ నడుమ గడిలో పొట్ట సర్దుకుంటూ కూర్చున్నాడు. నా విజిల్‌ను స్రవ్య చేతికిచ్చి, "నువ్వే రిఫరీవి" అన్నాను. ఆడనన్న పిల్ల రిఫరీ అవనని అనలేదు.

ఆట మొదలైంది. డబ్బా తల్లి లేడిపిల్ల అయిపోయింది. రెండు చుట్లకే డానియేలు నాలుక బయటపెట్టాడు. ఆవిడ సేట్ పక్కనుంచే దూసుకుపోతుంటే కుర్చీలోంచి సుగుణమ్మ ఉండబట్టలేక అరిచింది.

"సీతారాం! దేఖో రా, దేఖో!"

సేట్ దిగ్గున లేచి ఉరికాడు. స్రవ్య విజిల్ ఊదింది.

"ఫౌల్, బాపూ!"

"ఫౌలెట్ల? ఖో అన్నరు గద!"

"ఎవ్వలన్నరు?"

సేట్ వెనక్కి తిరిగి చూశాడు. డానియేలు ఎక్కడో చివరి స్తంభాన్ని కౌగిలించుకుని ఉన్నాడు. "నేను గీడున్న సేట్! నాకు ఊపిరే ఆడ్తలేదు, ఖో యాడికెళ్లి అంట?" అన్నాడు.

గోడ మీద పిల్లలు విరగబడి నవ్వారు. సేట్ గొణుక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి మళ్లీ "దేఖో" అంది సుగుణమ్మ, మళ్లీ లేచాడు సేట్, మళ్లీ విజిల్. ఈసారి ఆయన నిజంగానే కోపానికొచ్చి, "ఎవ్వలో పరాచికాలాడ్తున్నరు! నా చెవులతోని విన్న!" అన్నాడు.

స్రవ్య నోట్లోంచి విజిల్ తీసింది. తండ్రిని చూసింది, నాయనమ్మను చూసింది.

"నాయనమ్మా, నువ్వేమన్నవ్?"

"నేనేమన్ననే? దేఖో అన్న!"

అప్పుడే మళ్లీ కూర్చోబోయిన సేట్ ఆ మాటకు సగంలోంచి పైకి లేచాడు. ఇక గ్రౌండులో నవ్వనివాళ్లు లేరు. డానియేలు నేలమీద పడి దొర్లాడు. స్రవ్య మాత్రం నవ్వలేదు. విజిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, "నా దిమాగ్ మంచిగనే ఉన్నది," అంది మెల్లగా. ఆ తరువాత గ్రౌండంతా వినపడేలా అరిచింది. "అక్కా, నా దిమాగ్ మంచిగనే ఉన్నది!"

సేట్ నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల ఇన్నాళ్లూ ఏమనుకుందో ఆయనకు అప్పుడే తెలిసింది. దగ్గరికి వెళ్లి దాని తలమీద చెయ్యి పెట్టాడు. "బిడ్డా, నిన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. నన్ను నోటి డాక్టర్ దగ్గరికి తీస్కపోవాల్సి ఉండె," అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు ఆ రోజే తెలిసింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

స్రవ్య మళ్లీ ఆటలోకి వచ్చింది. అయితే పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా? సేట్ ఇకమీద "చూడు" అనే అంటానని ఒట్టేశాడు. ఆట వేడెక్కగానే "చూ... దేఖో!" అన్నాడు. మరోసారి ఒట్టేశాడు, మరోసారి అన్నాడు. స్రవ్య ముఖం మళ్లీ వాడిపోసాగింది. టోర్నమెంటు దగ్గర పడింది. "బాపును రావద్దంటే బాధపడ్తడు. వస్తే నేను లేస్తా. ఏం చెయ్యాలె అక్కా?" అంది.

ఉపాయం సుగుణమ్మ చెప్పింది. మరుసటి ఆదివారం దుకాణంలోంచి గోలీకాయంత పటిక బెల్లం ముక్కలు సంచినిండా తెచ్చి, గీత దగ్గర నిలబడ్డ ప్రతి తల్లికీ తండ్రికీ తలా ఒకటి నోట్లో పెట్టింది. "కరిగేదాక ఎవ్వలు నోరు తెరవొద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతది," అంది. తనూ ఒకటి వేసుకుంది. రిఫరీ మీద డానియేలు ఫిర్యాదులన్నీ "ఊఁ ఊఁ" దగ్గరే ఆగిపోయాయి. గ్రౌండులో పిల్లల మాటలు పిల్లలకు వినపడ్డాయి. అంత హాయి నేను ఎన్నడూ ఎరగను. సేట్ ఒక్కడే ఉత్సాహం పట్టలేక ముక్కను పటుక్కున కొరికి రెండు చేసి, "దేఖో!" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

టోర్నమెంటు రోజు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చింది ఆయనే. నన్ను పక్కకు పిలిచి, "మేడం, నా మీద నాకే భరోసా లేదు" అన్నాడు. అని, గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముఖం గ్రౌండు వైపు కాదు, గోడ వైపు. సరిగ్గా ఖోఖోలో గడిలో కూర్చున్నట్టే. నోట్లో అన్నిటికంటే పెద్ద ముక్క పెట్టుకున్నాడు. బుగ్గ ఉబ్బింది.

"సేట్, ఆట కనపడదు కదా?" అన్నాను.

ఆయన గోడకేసి చూస్తూనే చెవి చూపించాడు. వింటానని.

ఆట హోరాహోరీగా సాగింది. స్రవ్య ఒక్కసారి కూడా ఊరికే లేవలేదు. లేచిన ప్రతిసారీ ఎవరో ఒకర్ని పట్టుకుంది. ఒకసారి గాల్లోకి డైవ్ కొట్టి అవతలి జట్టు కెప్టెన్ మడమ తాకింది, నేనే "అబ్బ!" అన్నాను. చప్పట్లు మోగినప్పుడల్లా సేట్ భుజాలు వణికాయి. పిడికిళ్లు బిగించాడు, మోకాళ్లు కొట్టుకున్నాడు, ఒకసారి గోడను గుద్దాడు. తల మాత్రం తిప్పలేదు.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం. అయినా పిల్లలు ఒకర్నొకరు ఎత్తుకుని తిప్పుకున్నారు, గెలిచినవాళ్లే వీళ్లను వింతగా చూశారు. ఆ గోలలోంచి స్రవ్య విడిపించుకుని వచ్చింది. మోకాళ్లనిండా మట్టి, ముఖమంతా నవ్వు. తండ్రి ఇంకా గోడ వైపే కూర్చుని ఉన్నాడు. ఆ కేకలు గెలుపువో ఓటమివో ఆయనకు తెలియదు. అడగడానికి నోరూ ఖాళీ లేదు.

స్రవ్య వెనకనుంచి ఉరికి వచ్చి ఆయన వీపు మీద చెయ్యేసి కొట్టింది.

"ఖో!"

సీతారాం సేట్ దిగ్గున లేచి నిలబడ్డాడు. పటిక బెల్లాన్ని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తోసి, కూతురి ముఖం చూసి, పాయింట్ల సంగతి అడగనే అడగలేదు.

"ఎటు ఉరకాలె బిడ్డా?" అన్నాడు.