కోసిన వల

సన్మానం చేస్తామని గుడివాడ నుంచి ఫోన్ వస్తే తాతారావు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి రాధాకృష్ణమూర్తి గారే కారేసుకుని అవనిగడ్డ దాకా వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, పైగా సేవాసంఘానికి అధ్యక్షుడు, ఆయన పట్టుబడితే కాదనడం ఎవరి తరం? "మీలాంటివాళ్ళని చూపించకపోతే పిల్లలకి ఇంకేం చెప్తామండీ" అని చెయ్యి పట్టుకున్నారు. ఇక తాతారావుకి వెళ్ళక తప్పలేదు.

చూపించదగ్గ మనిషే మరి. దివిసీమలో ఏ కాలవలో, ఏ రేవులో మనిషి మునిగినా ముందు తాతారావుకే ఫోన్ చేస్తారు. మూడేళ్ళలో పదిహేడుమంది శవాల్ని పైకి తెచ్చాడు. నీళ్ళలో కొక్కేలు వెయ్యనివ్వడు, ఒళ్ళు చీరుకుపోతుందని. తనే మునిగి వెతికి, చేతుల మీద మోసుకొచ్చి, అయినవాళ్ళ ముందు పడుకోబెట్టి వెళ్ళిపోతాడు. డబ్బు మాట ఎత్తితే కోపం. అక్కడ టీ కూడా ముట్టడు. ఆయన దేవుడండీ అంటారు జనం. జనానికేం, ఎవరినైనా దేవుణ్ణి చేసేస్తారు. ఆ దేవుడు అన్నం తింటున్నాడో లేదో మాత్రం అడగరు.

కొడుకు నరేంద్ర పోయాకే ఈ పని మొదలుపెట్టాడు. బందరు నుంచి చేపల వేటకెళ్ళిన బోటు గాలివానకి తిరగబడింది. నలుగురు బతికొచ్చారు, నరేంద్ర రాలేదు. శవమూ దొరకలేదు. కళ్ళతో చూడందే పెద్దకర్మ చెయ్యనివ్వనని తల్లి పెద్దింట్లమ్మ భీష్మించుకు కూర్చుంది. తన కొడుకు దొరకలేదు కాబట్టి తాతారావు పరాయి పిల్లల్ని వెతుకుతున్నాడని ఊరంతా అనుకుంది. అది సగమే నిజం. మిగతా సగం పెద్దింట్లమ్మకి కూడా తెలియదు.

స్టేజీ మీద శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. రాధాకృష్ణమూర్తి గారు ముప్పావుగంట మాట్లాడారు. నిస్వార్థసేవ అన్న మాట ఎన్నిసార్లు అన్నారో ఆయనకే తెలియదు. అన్నప్పుడల్లా తాతారావు తల ఇంకాస్త వంచుకున్నాడు. ఎంత వినయమో చూడండి అని ముందు వరసలో ఎవరో అన్నారు.

వినయమూ కాదు, పాడూ కాదు. పదకొండేళ్ళ కిందటి వల కళ్ళ ముందుకొచ్చింది. అప్పుడు తనే బోటు నడిపే సరంగు. మంగినపూడికి ఎదురుగా వల లాగుతుంటే బరువుగా వచ్చింది. రొయ్యలతో పాటు ఒక మనిషి. చొక్కా లేదు. కుడిచేతి మీద పచ్చబొట్టు, నాగమల్లి అని. ఒడ్డుకు తెస్తే కేసంటారు, పంచనామా అంటారు, బోటు కట్టేసుకుని తిరగాలి. రొయ్యలకి వేసిన ఐసు కరిగిపోతోంది. ఈ మాట ఎక్కడా అనకండిరా అని కుర్రాళ్ళకి చెప్పి, కత్తి తీసుకుని, శవం చిక్కుకున్న మేర తనే వల కోసి నీళ్ళలోకి వదిలేశాడు. రొయ్యలు మంచి ధర పలికాయి. ఆ తర్వాత మర్చిపోయాడు కూడా. నరేంద్ర కోసం వెతుకుతూ, రేవుకొచ్చిన ప్రతి బోటునీ మీ వలలో ఏమైనా పడిందా అని అడుగుతున్నప్పుడు, లేదంటూ మొహం తిప్పుకున్న ఒక సరంగుని చూసి గుర్తొచ్చింది. అలా తిప్పుకోవడం తనకి బాగా తెలుసు.

సభ అయ్యాక భోజనాల దగ్గర ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నుదుటిన నిండుగా బొట్టు, మెడలో పసుపుతాడు.

"అన్నయ్యగారూ, మాది మంగినపూడి. పేపర్లో మీ గురించి చదివి మా రమ్య తీసుకొచ్చింది. మా ఆయన శ్యాంబాబు, వేటకెళ్ళి పదకొండేళ్ళయింది. మీరు అన్ని రేవులూ తిరుగుతారు కదా, ఎక్కడైనా ఎవరైనా చెప్పారేమోనని. గుర్తేంటంటే చేతి మీద నా పేరు పొడిపించుకున్నారు. నాగమల్లేశ్వరి అని మొత్తం పట్టలేదని నాగమల్లి అని."

తాతారావు చేతిలోని విస్తరి కింద పెట్టేశాడు. తెలియదమ్మా అంటే సరిపోయేది. ఆవిడ నమస్కారం పెట్టి బస్సెక్కేది. కానీ పదిహేడుమందిని మోసినా ఆ బరువు దిగలేదు. గోడ పక్కకి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రొయ్యల సంగతి కూడా దాచలేదు.

రమ్య ఏడుపు మొదలుపెట్టింది. ఆవిడ మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ అడిగింది.

"మా ఊరికి ఎదురుగానా?"

"అవునమ్మా. అప్పటికి ఒడ్డు కనబడుతోంది."

"అయితే ఇంటిదాకా వచ్చేశారన్నమాట."

ఆ మాటకి తాతారావు ఏడ్చేశాడు. నరేంద్ర పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. కాళ్ళు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి జరిగింది.

"ఇన్నాళ్ళూ దాచినవాళ్ళు ఇప్పుడెందుకు చెప్పారండీ?"

"మొయ్యలేక తల్లీ."

"మీ అబ్బాయి కూడా దొరకలేదని పేపర్లో రాశారు. అతన్నీ ఎవరో ఇలాగే వల కోసి వదిలేసి ఉంటారని మీ ఆవిడకి చెప్పారా?"

లేదన్నట్టు తల ఊపాడు.

"చెప్పకండి." ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని తాతారావుకి అనిపించింది. "వీధిలో ఆటో ఆగితే ఇప్పటికీ గుమ్మంలోకి వస్తానండీ నేను. చెయ్యి కడుక్కోకుండా, అన్నం ముందు నుంచి లేచి వస్తాను. పదకొండేళ్ళు దాంతోనే బతికాను. మీ బరువు మీరు దింపుకున్నారు. రేపణ్ణుంచి నేను దేనికి లేచి రావాలి?"